ఆకుకు ఒక లెక్క, వేరుకు ఒక లెక్క: మూలికల టీ ఎలా కాచుకోవాలి?

ఉదయగిరి వైపు బస్సులో వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా తంగేడు చెట్లే కనిపిస్తాయి. ఆ పసుప్పచ్చ పూలు ఒక పిడికెడు తెచ్చుకుని, కడిగి, మరిగిన నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెడితే లేత బంగారు రంగు టీ అవుతుంది. నోటికి తేలిగ్గా ఉంటుంది. అదే చెట్టు బెరడు సంగతి చూడండి. పూర్వం పచ్చితోళ్లను పదును చేయడానికి వాడింది ఆ బెరడునే. తోలును కుళ్లకుండా గట్టిపరిచేంత వగరు అందులో ఉంది. చెట్టు ఒకటే, పువ్వు దారి వేరు, బెరడు దారి వేరు.

మూలికల టీ కాచుకోవాలనుకునే వాళ్లు "ఏ మొక్క మంచిది" అని అడుగుతారు గానీ, "ఆ మొక్కలో ఏ భాగం నా చేతిలో ఉంది" అని చూసుకునే వాళ్లు తక్కువ. ఎలా కాచాలో తేల్చేది ఆ రెండో ప్రశ్నే. ఆకును వేరులాగా ఉడకబెడితే దాని వాసనంతా వంటింటికి పోతుంది. వేరును ఆకులాగా వేడినీళ్లలో ముంచి తీస్తే నీళ్లకు రంగు వస్తుందేమో గానీ సారం దిగదు. డబ్బు పెట్టి కొన్న సరుకు రెండు రకాలుగానూ వృథానే.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. 2020లో, కరోనా మొదటి రోజుల్లో, నెల్లూరులో ఏ ఇంట్లో చూసినా స్టవ్ మీద కషాయం గిన్నె ఉండేది. మా ఇంట్లో నేను తులసాకు, శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క, వాము అన్నీ ఒకేసారి వేసి, నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా అరగంట మరిగించేవాణ్ణి. ఎంత మరిగితే అంత బలం అనుకున్నాను. వారం తిరక్కుండానే మా అమ్మకు కడుపులో మంట మొదలైంది. ఉదయగిరి దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మకు ఫోన్ చేస్తే, "తులసాకును అరగంట ఉడకేస్తే ఇంకేముంటది అబ్బయా, గడ్డే మిగిలేది. శొంఠి ఘాటంతా మీ అమ్మ కడుపులోకి పోయింది" అంది. ఆమె చెప్పిన పద్ధతులు, తర్వాత నేను చదివి తెలుసుకున్న కారణాలు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర ఉన్న దారులు

ఆయుర్వేదంలో మూలిక నుంచి సారం తీయడానికి ఐదు పద్ధతులు చెప్పారు. పచ్చి ఆకు దంచి పిండిన స్వరసం, ముద్దగా నూరిన కల్కం, మరిగించి తీసిన క్వాథం, చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టిన హిమం, వేడినీళ్లు పోసి వడగట్టిన ఫాంటం. మొదటి రెండూ టీ కిందికి రావు. మిగతా మూడూ మనం రోజూ చేసేవే, పేర్లే తెలియవు. కప్పులో టీ బ్యాగు వేసి వేడినీళ్లు పోస్తే అది ఫాంటం. మనం కషాయం అనేది క్వాథం. మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్లు తాగితే అది హిమం.

శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో వీటికి కొలతలు కూడా ఉన్నాయి. ఒక వంతు మూలికకు ఫాంటమైతే నాలుగు వంతుల వేడినీళ్లు, హిమమైతే ఆరు వంతుల చల్లటి నీళ్లు, క్వాథమైతే పదహారు వంతుల నీళ్లు పోసి మట్టిపాత్రలో ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలి. క్వాథం విషయంలో ఇంకో లెక్క కూడా వాడుకలో ఉంది. అది నాకు చాలా నచ్చింది. మెత్తటి మూలికలకు నాలుగింతల నీళ్లు, మధ్యరకానికి ఎనిమిదింతలు, గట్టివాటికి పదహారింతలు పోసి నాలుగో వంతుకు దించాలి. అంటే గట్టిదనాన్ని బట్టి నీళ్లు, నీళ్లను బట్టి కాగే సమయం. అన్నిటికీ ఒకటే కొలత పెట్టలేదు.

ఇవి మందు కొలతలు. మందుగా తీసుకునే కషాయం చిన్న కప్పుతో తాగేది. మనం ఇంట్లో గ్లాసులతో తాగే టీ ఇంకా పల్చగా ఉండాలి. ఈ తేడా మరిచిపోయి చిక్కటి కషాయాన్ని టీలాగా పెద్ద గ్లాసు నిండా తాగడం వల్లే చాలా ఇళ్లలో కడుపుమంటలు వస్తాయి.

ఆకు: మంట కాదు, మూత ముఖ్యం

తులసి, పుదీనా, వాము ఆకు, నిమ్మగడ్డి. వీటిలో మనకు కావలసింది ముఖ్యంగా ఆవిరయ్యే నూనెలు. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే నూనె గాలిలోకి లేచిందని అర్థం. గిన్నె మూత తీసి తులసాకు మరిగిస్తుంటే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, మనం సంబరపడతాం. ఆ సువాసన గ్లాసులో ఉండాల్సింది, గాలిలో కాదు.

నేను చేసే పద్ధతి ఇది. పదిపన్నెండు తులసాకులు కడిగి, చేత్తో రెండు ముక్కలుగా తుంచి స్టీలు గ్లాసులో వేస్తాను. నీళ్లు తెర్ల కాగాక స్టవ్ ఆపి, ఆ నీళ్లు గ్లాసులో పోసి వెంటనే సాసరు బోర్లిస్తాను. ఏడెనిమిది నిమిషాలు ముట్టుకోను. తర్వాత సాసరు ఎత్తి చూస్తే లోపలివైపు సన్నటి నీటిబొట్లు పట్టి ఉంటాయి. ఒక బొట్టు వేలికి అద్దుకుని వాసన చూడండి. తులసి వాసన గుప్పుమంటుంది. ఆ బొట్లను పారబోయకుండా సాసరును గ్లాసు మీద వంచి లోపలికి దులపాలి. ఇది ఒక్కసారి చేసి చూస్తే మూత ఎందుకు పెట్టాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఎండు ఆకైతే ఒక టీ స్పూను, పచ్చి ఆకైతే దానికి రెండు మూడు రెట్లు పడుతుంది. ఎండినదాంట్లో నీళ్లు పోయి సారం దగ్గరపడి ఉంటుంది కాబట్టి. పది నిమిషాలు దాటి నానితే వగరు, చేదు దిగడం మొదలవుతుంది. "స్ట్రాంగ్‌గా కావాలి" అనుకుంటే ఆకు ఎక్కువ వేసుకోండి, సమయం పెంచకండి.

ఆకుల్లో అన్నీ ఒకటి కావు. నిమ్మగడ్డి పీచుగా ఉంటుంది. దాన్ని కత్తెరతో అంగుళం ముక్కలు చేసి, మూతపెట్టి రెండు మూడు నిమిషాలు సన్నటి సెగ మీద ఉంచితే బాగుంటుంది. జామాకు మందంగా, వగరుగా ఉంటుంది, సువాసన పెద్దగా ఉండదు. దాన్ని ఐదారు నిమిషాలు కాచినా నష్టం లేదు. మునగాకు లేతది, వేడినీళ్లు చాలు. చేతితో నలిపి చూడండి. ఇట్టే నలిగి వాసన వస్తే పోసి మూతపెట్టేది, నలగకుండా తోలులా వంగితే కాసేపు కాచేది. నాకు ఇంతకన్నా సులువైన పరీక్ష దొరకలేదు.

పూలు

పూల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆకుకన్నా సున్నితం. తంగేడు, మందార, చామంతి, శంఖుపూలు, ఏవైనా వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు. అంతే. శంఖుపూల నీళ్లు ముదురు నీలంగా వస్తాయి. అందులో నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే కళ్లముందే వంగపండు రంగుకు తిరుగుతుంది. పులుపు తగిలితే రంగు మారే పదార్థం అందులో ఉంది. పొదలకూరు నిమ్మకాయలు పక్కన పెట్టుకుని ఉన్న ఊరివాళ్లం, పిల్లలకు ఒకసారి చూపించండి, వాళ్ల ఆనందం చూడాలి.

కానీ రోడ్డు పక్క పూలు కోసేటప్పుడు దుమ్ము, పొగ, పక్క చేలో కొట్టిన పురుగుమందు గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పోలిక తెలియని పువ్వు జోలికి పోవద్దు. పచ్చగన్నేరు పూలు కూడా పసుప్పచ్చగానే ఉంటాయి. గన్నేరు విషం. ఎండబెట్టినా మరిగించినా ఆ విషం విరగదు.

గింజలు: చితక్కొట్టకపోతే దండగ

జీలకర్ర, ధనియాలు, సోంపు, వాము. గింజలు గట్టిగా ఉన్నాయి కదా అని కషాయంలా మరిగిస్తాం. నిజానికి ఇవి మధ్యలో నిలబడేవి. పైన గట్టి పొట్టు, లోపల ఆకుల్లాగే ఆవిరయ్యే నూనె. పొట్టు పగలకపోతే ఎంత మరిగించినా నూనె పూర్తిగా బయటికి రాదు. పగిలాక ఎక్కువ మరిగిస్తే వచ్చిన నూనె ఎగిరిపోతుంది.

అందుకని చిన్న రోట్లో నాలుగు పోట్లు వేయండి. పొడి అక్కర్లేదు, గింజ రెండు మూడు ముక్కలైతే చాలు. గ్లాసుకు ఒక టీ స్పూను. మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి, లేదా మూత కింద రెండు నిమిషాలు సన్నటి సెగ. దంచిన గింజలు డబ్బాలో పోసి వారాల తరబడి దాచుకోవద్దు, ఎప్పటికప్పుడు దంచుకోవాలి. అంగట్లో దొరికే ధనియాల పొడి టీకి వాడితే గ్లాసు అడుగున బురదలా పేరుకుంటుంది, వాసన సగమే ఉంటుంది. సాంబారుకు సరే, టీకి వద్దు.

మెంతులు వేరే దారి. వాటిలో జిగురు ఉంటుంది. ఆ జిగురు చల్లటి నీళ్లలోనే చక్కగా ఊరుతుంది. సబ్జాలూ అంతే. వీటికి స్టవ్ అవసరం లేదు.

బెరడు, వేరు, కొమ్ము: ఇక్కడ కషాయమే

చెక్కలాంటి భాగాల్లో కణాల గోడలు దళసరిగా ఉంటాయి. వేడినీళ్లు పైపైన తడిపి వెళ్లిపోతాయి తప్ప లోపలికి చొరబడవు. అందుకే వీటికి సెగ, సమయం రెండూ కావాలి. దాల్చినచెక్క, మద్ది బెరడు, శొంఠి, అతిమధురం, వేప బెరడు ఈ జాతివి. తిప్పతీగ కాడ కూడా ఇక్కడికే వస్తుంది.

మా అమ్మమ్మ బెరడును ముందు కచ్చాపచ్చాగా దంచుతుంది. కందిగింజంత ముక్కలు, అంతకన్నా మెత్తగా కానివ్వదు. పొడి చేస్తే కషాయం చిక్కబడి గుడ్డలోంచి దిగదు అంటుంది. ఆ ముక్కలను రాత్రి నీళ్లలో నానేసి, పొద్దున అదే నీళ్లతో పొయ్యి మీద పెడుతుంది. కొలతకు ఆమె పద్ధతి నాకు భలే ముచ్చటేస్తుంది. నీళ్లు పోశాక ఒక చీపురుపుల్లను గిన్నెలో నిలువుగా ముంచి, తడిసిన ఎత్తు చూసి, అందులో కింది నుంచి నాలుగో వంతు దగ్గర గోటితో గిల్లుతుంది. నీళ్లు ఆ గాటు దగ్గరకు దిగాయంటే కషాయం అయినట్టు. గిన్నె తిన్నటి గోడలతో ఉంటేనే ఈ లెక్క సరిపోతుంది, గుండ్రటి గిన్నెతో కుదరదు. మనకు కొలగ్లాసులు ఉన్నాయి కాబట్టి 10 గ్రాముల ముక్కలకు 160 మిల్లీలీటర్ల నీళ్లు పోసి 40కి దించుకోవచ్చు. సెగ సన్నగా ఉండాలి. గబగబా పొంగించి దించితే నీళ్లు తగ్గుతాయి గానీ సారం దిగడానికి టైం చాలదు.

అల్లం, శొంఠి ఒకటే కదా అంటారు. ఒకటే మొక్క, రుచి వేరు. పచ్చి అల్లంలోని ఘాటు పదార్థం ఎండినప్పుడు, వేడి తగిలినప్పుడు ఇంకా ఘాటైన పదార్థంగా మారుతుంది. శొంఠి ఎక్కువ మండేది అందుకే. కడుపు సున్నితంగా ఉండేవాళ్లు పచ్చి అల్లం పల్చటి చక్రాలుగా కోసి ఐదు నిమిషాలు కాచుకుంటే చాలు, శొంఠి కషాయం జోలికి పోనక్కర్లేదు.

దాల్చినచెక్క కొనేటప్పుడు ఒక మాట. అంగళ్లలో ఎక్కువగా దొరికే మందపాటి, ఒకే పొరగా చుట్టుకున్న చెక్క కాసియా. పేపరులా పల్చటి పొరలు చుట్టలు చుట్టుకుని, చేత్తో నలిపితే పొడయ్యేది అసలు దాల్చిన. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ ఎక్కువ మోతాదులో పోతే కాలేయానికి మంచిది కాదు. కూరలో వేసే ముక్కతో భయం లేదు. రోజుకు రెండుపూటలా కషాయం కాచుకునే వాళ్లు మాత్రం పల్చటి చెక్క వెతుక్కోవాలి, ధర ఎక్కువైనా సరే.

మద్ది బెరడుకు పాలతో కాచే పద్ధతి కూడా ఉంది. ఒక వంతు బెరడుకు ఎనిమిది వంతుల పాలు, ముప్ఫైరెండు వంతుల నీళ్లు పోసి, నీళ్లన్నీ ఇగిరి పాలు మాత్రమే మిగిలేదాకా కాచాలి. వగరు బాగా తగ్గుతుంది. గుండె మాత్రలు వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఇది మొదలుపెట్టకూడదు, దీన్ని నమ్ముకుని మాత్రలు అసలే మానకూడదు.

వేరు అయినా మరిగించకూడనిది

వేరు అంటే కషాయం అని ఇప్పుడే చెప్పాను. మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఒక వేరు మాత్రం ఆ మాటకు లొంగదు. సుగంధి వేరు. నన్నారి అన్నా అదే.

వేసవి వస్తే నెల్లూరులో నన్నారి షర్బత్ బండ్లు కనిపిస్తాయి. ఆ సువాసనంతా ఆవిరయ్యే పదార్థమే. బెరడులాగా అరగంట మరిగిస్తే మట్టి రుచి, వగరు మిగిలి, పరిమళం పోతుంది. దీనికి నానబెట్టడమే సరైన దారి.

పెద్దబజారులో మూలికలు అమ్మే అంగడి నుంచి ఒక కట్ట వేళ్లు తెస్తే మా ఇంట్లో చేసే పని ఇది. ముందు రెండు మూడు నీళ్లతో మట్టి పోయేలా రుద్ది కడగాలి. తర్వాత ఒక్కో వేరును రాయి మీద పెట్టి రోకలిబండతో మెల్లిగా కొడితే పైతొక్క చిట్లి, లోపల తెల్లటి పుల్ల బయటపడుతుంది. ఆ పుల్లను వాసన చూడండి, ఏమీ ఉండదు. పరిమళమంతా గోధుమరంగు తొక్కలోనే. పుల్లలు లాగి పారేసి తొక్కను మాత్రం ఉంచుకోవాలి. తొక్క మునిగేలా, మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లు పోసి మూత బిగించి రాత్రంతా ఉంచితే పొద్దున్నకు ఎర్రటి టీ రంగు నీళ్లు. వడగట్టి, నిమ్మరసం, కొంచెం పటికబెల్లం. పుల్లలు తీయకుండా మొత్తం నానేస్తే అదే పరిమళానికి రెట్టింపు సరుకు పడుతుంది. చేతులకు రెండురోజులపాటు ఆ వాసన ఉంటుంది, అది మాత్రం ఉచితం.

వట్టివేరు కూడా ఇదే కోవ. కడిగిన వేళ్లను చిన్న మూటగా కట్టి మంచినీళ్ల కుండలో వేస్తే చాలు. మూడు నాలుగు రోజులకోసారి తీసి ఎండలో ఆరబెట్టి మళ్లీ వేసుకోవచ్చు.

కాబట్టి భాగం చూశాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. అందులోంచి నాకు కావలసింది వాసనా, లేక చేదూ వగరూనా? వాసన కావాలంటే ఎంత గట్టి భాగమైనా సెగ తగ్గించాలి. చేదు, వగరు కావాలంటే సెగ కావాలి.

అన్నీ కలిపి కాచాలంటే

కలగలుపు కషాయాల్లోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పిన ఆయుష్ క్వాథాన్నే తీసుకోండి. తులసాకు నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు. ఆకు, బెరడు, కొమ్ము, కాయ, నాలుగూ నాలుగు రకాలు. దీనికి వాళ్లు చూపిన దారి పొడి చేయడం. 3 గ్రాముల పొడిని 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో కలుపుకుని తాగమన్నారు. పొడి చేస్తే గట్టి భాగం కూడా మెత్తటిదానిలాగే తొందరగా సారం వదులుతుంది, మరిగించే పని తప్పుతుంది. నేను అరగంట ఉడకబెట్టింది ఇంచుమించు ఈ సరుకునే!

పొడి సులువే, నేను కాదనను. ఆఫీసుకు, ప్రయాణానికి అదే మేలు. కానీ పొడిలో ఏం కలిసిందో కంటికి కనపడదు. ఒకసారి నేను కొన్న ప్యాకెట్‌లో తులసి వాసన అస్సలు లేదు, ఎండుగడ్డి నమిలినట్టుంది. ముక్కలుగా కొంటే బెరడును బెరడుగా, వేరును వేరుగా చూసి కొనొచ్చు. ఇంట్లో పొడి చేసుకున్నా చిన్న గాజు సీసాలో నెలరోజులకు సరిపడానే చేసుకోండి. మన తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ, ఎండిన ఆకు మెత్తబడి బూజు పడుతుంది. బూజు వాసన వస్తే మరిగించినా వాడొద్దు, పారేయండి.

ముక్కలతో చేసేటట్టయితే వరుస పాటించండి. ముందు బెరడు, శొంఠి నీళ్లలో వేసి పదిహేను నిమిషాలు సన్నటి సెగ. చివరి రెండు నిమిషాల్లో దంచిన మిరియాలు, గింజలు. స్టవ్ ఆపాక తులసాకు వేసి మూత. ఎనిమిది నిమిషాలకు వడగట్టడం. పని ఎక్కువేమీ లేదు, గిన్నె ఒకటే. మా అమ్మకు ఇప్పుడు ఇలాగే ఇస్తున్నాను, శొంఠి సగానికి తగ్గించి. మంట మళ్లీ రాలేదు.

నీళ్లు మంచివి కాకపోతే కషాయం వద్దు

ఇది మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. పళ్లమీద గోధుమరంగు చారలు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లు ఆ ఊళ్లలో ఉన్నారు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. నాలుగు గ్లాసుల బోరునీళ్లను ఒక గ్లాసు కషాయంగా దించితే, నాలుగు గ్లాసుల ఫ్లోరైడ్ ఆ ఒక్క గ్లాసులో చేరుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. సరిగ్గా ఆ హద్దులో ఉన్న నీళ్లు నాలుగో వంతుకు దిగితే లీటరుకు 6 మిల్లీగ్రాముల లెక్కకు చేరతాయి. ఉప్పునీళ్ల సంగతీ ఇంతే.

బోరునీళ్లు తప్ప వేరే దారి లేనివాళ్లు కషాయం జోలికి పోకుండా వేడినీళ్లు పోసి మూతపెట్టే టీలతో సరిపెట్టుకోవడం మంచిది. అక్కడ నీళ్లు దగ్గరపడవు. కషాయం తప్పనిసరైతే ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లో, వాననీళ్లో వాడాలి. ఆరోగ్యం కోసం తాగే గ్లాసులోకి ఎముకల్ని తినేదాన్ని మనమే చేర్చుకోకూడదు.

గిన్నె విషయం చిన్నదే. స్టీలు, మట్టి, గాజు మంచివి. ఇనుప మూకుట్లో వగరు బెరడు కాస్తే నల్లగా సిరాలాగా మారుతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు తగిలే టీలు చేయవద్దు.

ఎవరికి ఏది

పొద్దున్నే పిల్లల్ని స్కూలుకు పంపే హడావిడిలో ఉండే ఇల్లాలికి కషాయం పెట్టమని చెప్పడం అన్యాయం. ఆమెకు ఆకు టీ, గింజల టీ. పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు గ్లాసు తన పని తాను చేసుకుంటుంది. హాస్టల్లో కరెంటు కెటిల్ మాత్రమే ఉన్న పిల్లలకూ అదే. బెరడు కావాలనిపిస్తే దంచిన ముక్కలు ఫ్లాస్కులో వేసి, సలసల కాగే నీళ్లు పోసి రాత్రంతా బిగించి ఉంచితే పొద్దున్నకు సగం కషాయం అవుతుంది. పూర్తి బలం రాదు, అయినా కెటిల్‌తో పెట్టిన బెరడు టీ కన్నా మేలు.

జలుబు, గొంతు గరగర ఉన్నవాళ్లకు పైన చెప్పిన వరుస కషాయం, చిన్న కప్పుతో, రెండు మూడు రోజులు. నెలల తరబడి కాదు. తిన్నది అరగక ఇబ్బందిపడే వాళ్లకు జీలకర్ర, సోంపు. కాఫీ టీలు తగ్గించుకోవాలనుకునే వాళ్లకు నిమ్మగడ్డి టీ నా మొదటి సలహా. తేయాకు లేదు కాబట్టి కెఫీన్ ఉండదు, రాత్రిపూట తాగినా నిద్ర చెడదు, చక్కెర లేకుండా తాగగలిగే రుచి.

మాత్రలు వేసుకునే వాళ్లు మాత్రం జాగ్రత్తగా చదవండి. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడే ఆడపిల్లలు, గర్భిణులు వగరు కషాయాలను మాత్రకు రెండు గంటలు ఎడంగా ఉంచాలి. వగరు పదార్థం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గర్భిణులు వేప, శొంఠి, దాల్చిన కషాయాలు సొంతంగా మొదలుపెట్టకూడదు. అతిమధురం తియ్యగా ఉంటుందని రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. షుగరు మాత్రల మీద ఉన్నవాళ్లు మెంతినీళ్లు, తంగేడు పూల టీ రోజూ తాగాలనుకుంటే షుగరు మరీ తగ్గకుండా డాక్టరుకు చెప్పి చూసుకోవాలి. తిప్పతీగ మీద 2021లో ముంబయి వైద్యులు కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగను పోలిన తీగలు కూడా ఉన్నాయి. కాబట్టి లివర్ సమస్య ఉన్నవాళ్లు దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. మిగతావాళ్లయినా గుర్తుపట్టగలిగిన తీగ కాడనే వాడాలి. నేలతంగేడు (సెన్నా) ఆకు విరేచనాల మందు, దాన్ని రోజువారీ టీగా ఎవరూ తాగకూడదు. సన్నబడే టీ అని వచ్చే కొన్ని ప్యాకెట్లలో అదే ఉంటుంది, కొనేముందు వెనకవైపు అక్షరాలు చదవండి.

రోహిణి కార్తె ఎండల్లో స్టవ్ దగ్గర నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు. అప్పుడు ధనియాల హిమం చేసుకోండి. రెండు టీ స్పూన్ల ధనియాలు దంచి, కాచి చల్లార్చిన రెండు గ్లాసుల నీళ్లలో రాత్రి పడుకునేముందు వేయాలి. నానబెట్టే టీలో సెగ లేదు కాబట్టి క్రిములు చావవు, అందుకే పచ్చినీళ్లు కాకుండా కాచిన నీళ్లే వాడాలి. మన ఎండలకు గట్టు మీద పెడితే తెల్లారేసరికి పులిసిన వాసన రావచ్చు, ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా తడిగుడ్డ చుట్టిన మట్టిముంతలో. పొద్దున వడగట్టి కొంచెం పటికబెల్లం కలిపితే రెండు గ్లాసులు వస్తాయి. మధ్యాహ్నంలోపు తాగేయాలి, మిగిలింది మర్నాటికి దాచుకోవద్దు.